గేర్ ఆయిల్: సొంతంగా మార్చుకోవాలా, షాపుకు ఇవ్వాలా?



ఈనాటి ప్రసంగ విషయం కొందరికి వింతగా తోచవచ్చు. కారు గేర్ బాక్సులో ఆయిల్ మార్చడం గురించి ఒక బడిపంతులు రేడియోలో మాట్లాడటమేమిటి అనుకోవచ్చు. దానికి కారణం ఉంది. బళ్ళారి, హోసపేట, సిరుగుప్పల్లో గాని, సరిహద్దు దాటితే గుంతకల్లు, ఆదోని, రాయదుర్గంలో గాని ఇప్పుడు క్లచ్ లేని కార్లు చాలా ఇళ్ళ ముందు కనిపిస్తున్నాయి. 2014లో మారుతి సెలేరియో వచ్చాక తక్కువ ధరలో కూడా ఆటోమేటిక్ కారు దొరకడం మొదలైంది. అప్పుడు కొన్నవాటిలో చాలా కార్లు ఈనాడు రెండో చేతికో, మూడో చేతికో వచ్చాయి. కంపెనీ హామీ గడువు ఎప్పుడో తీరిపోయింది. వాటిని కొన్నది ఎక్కువగా మనవంటి నెలజీతగాళ్ళు, చిన్న వ్యాపారస్థులు. వాళ్ళందరికీ ఏదో ఒకరోజు ఎదురయ్యే ప్రశ్న ఇది. ఆటోమేటిక్ గేర్ ఆయిల్ మార్చాలి. ఇంట్లో మనమే మార్చుకుందామా, షాపులో డబ్బు ఇచ్చి మార్పిద్దామా?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు, మీ బండిలో ఏ రకం ఆటోమేటిక్ ఉందో తెలుసుకోవాలి. మన దేశంలో ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి. మొదటిది ఏఎంటి. ఇందులో గేర్ బాక్సు మామూలుదే. డ్రైవరు కాలికి, చేతికి బదులు ఒక యంత్రం క్లచ్ నొక్కి గేర్ మారుస్తుంది. రెండోది టార్క్ కన్వర్టర్ ఉన్న పాతకాలపు అసలు ఆటోమేటిక్. మూడోది సివిటి. ఇందులో పళ్ళచక్రాల మెట్లు ఉండవు. రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది, ఒక్కో కప్పీలోని రెండు సగాలు దగ్గరగా, దూరంగా జరుగుతూ వేగం మారుస్తాయి. నాలుగోది రెండు క్లచ్‌లు ఉండేది, దాన్ని డిసిటి అంటారు. బయటినుంచి చూస్తే అన్నిటిలోనూ ఆర్, ఎన్, డి వంటి అక్షరాలే కనిపిస్తాయి. కాని లోపలి పని వేరు, లోపలి ఆయిల్ వేరు.

ఆ ఆయిల్ లోపల ఏం చేస్తుంది? రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టండి. ఒకదానికి కరెంటు ఇవ్వండి. ఆ గాలికి రెండోది కూడా తిరగడం మొదలుపెడుతుంది. టార్క్ కన్వర్టర్‌లో జరిగేది దాదాపు ఇదే. గాలికి బదులు ఆయిల్ ఉంటుంది. ఇంజను శక్తిని చక్రాల వైపు మోసుకుపోయేది ఆ ఆయిలే. అదే ఆయిల్ ఒత్తిడితో లోపలి క్లచ్‌లను నొక్కుతుంది, పళ్ళచక్రాలను తడుపుతుంది, వేడిని బయటికి తీసుకుపోతుంది. మన పెద్దలు ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టేవారు. కందెనకు ఒకటే పని, రాపిడి తగ్గించడం. గేర్ ఆయిల్‌ను కూడా అలాంటి కందెనగానే చాలామంది అనుకుంటారు. పొరపాటంతా అక్కడే మొదలవుతుంది.

సివిటి సంగతి చూడండి. అందులో ఉక్కు బెల్టు, ఉక్కు కప్పీ ఒకదాన్నొకటి పట్టుకుని తిరగాలి. జారితే లోహం గీసుకుపోతుంది. అంటే అక్కడి ఆయిల్ అరుగుదలను ఆపుతూనే పట్టు కూడా ఇవ్వాలి. టార్క్ కన్వర్టర్ గేర్ బాక్సులో క్లచ్ పలకలు మొదట కొంచెం జారి, ఆ తర్వాత గట్టిగా పట్టుకోవాలి. దాని ఆయిల్‌ను ఆ లెక్కకు తగినట్టు తయారుచేస్తారు. ఈ కూర్పు ఎంత సున్నితమైనదంటే, జనరల్ మోటార్స్ 1939లో హైడ్రామాటిక్ గేర్ బాక్సు తెచ్చిన తర్వాత ఎన్నో ఏళ్ళపాటు ఇలాంటి ఆయిల్స్‌లో స్పెర్మ్ తిమింగిలం నూనె కలిపేవారు. 1970ల తొలి ఏళ్ళలో అమెరికా దాని వాడకాన్ని నిషేధించాక బదులు రసాయనాలు వెదుక్కోవలసి వచ్చింది. ఏదో ఒక ఆయిల్ పోస్తే సరిపోయేదైతే అంత శ్రమ ఎవరు పడతారు?

నేను బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషిని. రెండు భాషల్లోనూ ఒక తమాషా ఉంది. తెలుగులో 'నూనె' అంటే పుట్టుకలో నువ్వుల నెయ్యి. కన్నడంలో 'ఎణ్ణె', తమిళంలో 'ఎణ్ణెయ్' కూడా నువ్వులనుంచి పుట్టిన మాటలే. తర్వాత వేరుశనగదీ నూనె అయింది, ఆముదమూ నూనె అయింది, కిరసనాయిలు కూడా ఆ జాతిలోనే చేరింది. వాడుకలో అది ఇబ్బంది కాదు. కాని షాపులో 'గేర్ ఆయిల్ పోయండి' అని మాత్రమే అంటే, ఇంట్లో వాళ్ళకు చెప్పకుండా ఆముదంతో పోపు వేసినట్టు అవుతుంది.

మా సహోపాధ్యాయులొకరు పాత సివిటి కారు కొన్నారు. ఒక షాపులో గేర్ ఆయిల్ మార్పించారు. 'అన్నీ ఒకటే సార్, మంచి కంపెనీది పోస్తున్నాం' అన్నారట. పోసింది మామూలు ఆటోమేటిక్ ఆయిల్. రెండు నెలలకు కారు కదిలేటప్పుడు వణకడం మొదలైంది. తర్వాత మోత వచ్చింది. చివరకు గేర్ బాక్సు విప్పితే కప్పీల మీద గీతలు. ఆ రిపేరికి ఆయన మూడు నెలల జీతం పోయింది. షాపుకు వెళ్ళి అడుగుదామంటే చేతిలో ఉన్న బిల్లు మీద 'గేర్ ఆయిల్ మార్పు' అని మాత్రమే ఉంది. ఏ ఆయిల్, ఎన్ని లీటర్లు అన్నది లేదు. అడగడానికి ఆధారమే లేకపోయింది.

అందుకని నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇది. పని మీరు చేసినా, మెకానిక్ చేసినా మూడు సంగతులు మీకు తెలిసి ఉండాలి. ఆయిల్ పేరు, కొలత, వేడి. ఈ మూడూ ఇంట్లో సరిగా చూసుకోగలిగితే మీరే చేసుకోవచ్చు. ఏ ఒక్కటి మీ చేతిలో లేకపోయినా షాపుకు ఇవ్వడమే మంచిది.

మొదటిది పేరు. కారుతో వచ్చిన పుస్తకంలో వెనక పేజీల్లో ఆయిల్స్ పట్టిక ఉంటుంది. అక్కడ ఉన్న అక్షరాలు, అంకెలు యథాతథంగా కాగితం మీద రాసుకోండి. టయోటా కార్లలో కొన్నిటికి డబ్ల్యూఎస్ అని ఉంటుంది. హోండా టార్క్ కన్వర్టర్ బాక్సులకు డిడబ్ల్యూ 1, సివిటిలో ఎన్నిటికో హెచ్‌సిఎఫ్ 2 అని ఉంటుంది. ఒకే కంపెనీలో రెండు వేరు పేర్లు చూశారా! రంగు చూసి నిర్ణయించకండి. ఎరుపు రంగు తయారీలో కలిపిన అద్దకం మాత్రమే. ఎర్రనివన్నీ ఒకటి కావు, ఈ ఆయిల్స్ అన్నీ ఎర్రగానూ ఉండవు. కొనేటప్పుడు నమ్మకమైన కౌంటరులో బిల్లుతో కొనండి, మూత సీలు చూడండి. ఖాళీ డబ్బాను కత్తితో కోసి మరీ పాతసామాన్లవాడికి ఇవ్వండి. లేకపోతే అదే డబ్బాలో నకిలీ ఆయిల్ నిండి మళ్ళీ అంగడికి రావచ్చు.

రెండోది కొలత. ఇంజను ఆయిల్ విషయంలో కింది బోల్టు విప్పితే దాదాపు అంతా దిగిపోతుంది. టార్క్ కన్వర్టర్ గేర్ బాక్సులో అలా కాదు. చాలా ఆయిల్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో నిలిచిపోతుంది. ఒక లెక్క చేద్దాం. మొత్తం 8 లీటర్లు పట్టే బాక్సులో బోల్టు విప్పితే 4 లీటర్లే దిగాయనుకోండి. 4 లీటర్ల కొత్తది పోస్తే లోపల సగం కొత్తది, సగం పాతది. కొంతకాలం నడిపి మళ్ళీ అలాగే మారిస్తే కొత్తది 75 శాతం. మూడోసారికి 87.5 శాతం. అందుకే ఒక్కసారి మార్చి 'అంతా కొత్తదైపోయింది' అనుకోకూడదు. దిగిన పాత ఆయిల్‌ను గీతలున్న డబ్బాలో పట్టి కొలవండి. ఎంత దిగిందో అంత పోయడం తొలి మెట్టు. అయితే ముందునుంచే కారుతూ ఆయిల్ తక్కువగా ఉన్న బండిలో ఈ లెక్క కూడా తప్పుతుంది. అందుకే చివర మట్టం చూడక తప్పదు.

మట్టం అనగానే మూడోది, వేడి, వచ్చిపడుతుంది. వేడెక్కితే ఆయిల్ వ్యాకోచిస్తుందని ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా చెబుతాం. 8 లీటర్ల ఆయిల్ 60 డిగ్రీలు వేడెక్కితే సుమారు మూడో వంతు లీటరు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు చూసి నింపితే వేడికి ఎక్కువవుతుంది. ఎక్కువైతే తిరిగే చక్రాలు దాన్ని చిలికి నురగ చేస్తాయి. నురగకు ఒత్తిడి నిలవదు. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. రెండిటిలోనూ నష్టపోయేవి క్లచ్‌లే.

పాత కార్లలో చాలావాటికి గేర్ బాక్సుకు కూడా డిప్ స్టిక్ ఉండేది. ఉన్నవారు అదృష్టవంతులు. బండిని కాసేపు నడిపి, సమంగా ఉన్న నేలమీద నిలిపి చూసుకోవచ్చు. కొన్ని కంపెనీలు ఇంజను నడుస్తుండగా చూడమంటాయి, కొన్ని ఆపిన వెంటనే చూడమంటాయి. మీ పుస్తకం ఎలా చెబితే అలాగే చేయండి. కొత్త కార్లలో ఎన్నిటికో డిప్ స్టిక్ లేదు. బాక్సు అడుగునో పక్కనో మట్టం చూసే బోల్టు ఉంటుంది. బండి నాలుగు చక్రాలూ సమంగా పైకి లేచి ఉండాలి, ఇంజను నడుస్తుండాలి, ఆయిల్ వేడి పుస్తకంలో చెప్పిన హద్దుల్లో ఉండాలి. చాలా బాక్సులకు అది 35 నుంచి 45 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అప్పుడు బోల్టు విప్పితే సన్నని ధారగా కారి ఆగాలి. ఆ వేడిని చూడటానికి స్కానర్ కావాలి. మే నెల మధ్యాహ్నం మన బళ్ళారిలో నీడన నిలిపిన బండే 40 డిగ్రీలకు చేరుతుంది. ఇంజను స్టార్ట్ చేసేలోగా ఆ హద్దు దాటిపోతుంది. షాపులో చేయించినా తెల్లవారి మొదటి బండిగా మీదే ఇవ్వండి.

ఇంట్లో చేసుకునేవారికి కొన్ని జాగ్రత్తలు. అన్నిటికంటే ముందు ప్రాణం. కారుతో వచ్చిన జాకీ చక్రం మార్చడానికే. జాకీ మీద మాత్రమే ఆనిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. ఇటుకలు, బండరాళ్ళు, చెక్కముక్కలు పేర్చి ఆనించకూడదు. బరువు మోసే ఉక్కు స్టాండ్లు ఉండాలి, కింద గట్టి కాంక్రీటు ఉండాలి, నేలమీద ఉన్న చక్రాలకు అడ్డు పెట్టాలి, పక్కన ఒక మనిషి ఉండాలి. ఇవి లేనప్పుడు ఈ పని మానుకోండి. షాపు కూలీ ఎంతైనా కానీయండి, ఇంటి యజమాని ప్రాణానికి సరిపోదు.

తర్వాతిది, పోసే బోల్టు ముందు విప్పి చూసిన తర్వాతే దించే బోల్టు విప్పండి. ఆయిల్ అంతా దింపేశాక పై బోల్టు తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. ఆయిల్ చెయ్యి కాలేంత వేడిగా ఉండకూడదు. బోల్టుకు కొత్త వాషర్ వేయండి. బాక్సు అల్యూమినియందై ఉంటుంది కాబట్టి బలం చూపించకండి. పుస్తకంలో 40 న్యూటన్ మీటర్లు అని ఉందనుకోండి. 30 సెంటీమీటర్ల స్పానర్ చివర సుమారు పదమూడున్నర కిలోల బరువు వేలాడదీసినంత బిగువు అది. అంతకంటే ఎక్కువ అక్కరలేదు. మన ఊళ్ళ దుమ్ము సంగతి తెలిసిందే. సండూరు వైపు ఎర్రమన్ను గాలిలోనే తిరుగుతుంది. గరాటు, డబ్బా, చేతులు శుభ్రంగా ఉండాలి. బోల్టు చుట్టూ తుడిచిన తర్వాతే విప్పాలి.

ఎప్పుడు మాత్రం ఇంట్లో ముట్టుకోకూడదు? ఆయిల్ నల్లగా మారి మాడు వాసన వస్తున్నా, గేర్ పడేటప్పుడు బండి జారుతున్నా, గుద్దుతున్నా ఆయిల్ మార్చడం మందు కాదు. అది అరిగిన క్లచ్ గుర్తు. ముందు తెలిసినవారికి చూపించాలి. అలాంటి బండికి కొత్త ఆయిల్ పోసి, తర్వాత బాక్సు పోతే కొత్త ఆయిలే చంపిందంటారు. చాలాసార్లు అది అప్పటికే చావుబతుకుల్లో ఉంటుంది. రెండు క్లచ్‌ల బాక్సులు, డిప్ స్టిక్ లేని బాక్సులు, హామీ గడువు ఇంకా ఉన్న కార్లు షాపుకే ఇవ్వండి. ఏఎంటిలో గేర్ల భాగానికి మామూలు గేర్ ఆయిలే కాబట్టి చేయి తిరిగినవారు మార్చుకోవచ్చు. క్లచ్ నొక్కే యంత్రానికి వేరే ద్రవం ఉంటుంది. దాన్ని స్కానర్ ఉన్నవారికి వదిలేయండి.

ఇక షాపు. ఖర్చు లెక్క వేసి చూడండి. బిల్లులో పెద్ద భాగం ఆయిల్‌దే. అది మీరు కొన్నా, వారు కొన్నా దాదాపు అదే. మిగిలేది కూలీ. స్టాండ్లు, టార్క్ స్పానర్, గరాటు, ట్రే కొంటే ఒకటి రెండుసార్ల కూలీ వాటికే పోతుంది. నాలుగైదు ఏళ్ళకొకసారి ఈ పని పడేవారికి సొంతంగా చేయడంలో పెద్దగా మిగిలేదేమీ లేదు. ఇంజను ఆయిల్, బ్రేకుల పని కూడా చేసుకునేవారికైతే ఆ పనిముట్లు గిట్టుబాటవుతాయి.

మెకానిక్‌కు మనం ఇచ్చే కూలీ బోల్టు విప్పినందుకు కాదు. లిఫ్టు, స్కానర్, వంద బండ్లు విన్న చెవి, తేడా వస్తే సరిచేసే బాధ్యత, వీటికి ఇస్తున్నాం. కాబట్టి కూలీ దగ్గర బేరమాడకండి, ఆయిల్ దగ్గర రాజీపడకండి. వెళ్ళగానే మర్యాదగా నాలుగు మాటలు అడగండి. 'అన్నా, మా పుస్తకంలో ఈ పేరు ఉంది, ఇదే పోస్తారా? ఎన్ని లీటర్లు దించారో చూపిస్తారా? మట్టం ఏ వేడిలో చూస్తారు? బిల్లు మీద ఆయిల్ పేరు, లీటర్లు, కిలోమీటర్లు రాస్తారా?' పని తెలిసినవాడు ఈ ప్రశ్నలకు కోపగించడు. విసుక్కుంటే ఇంకో షాపు చూసుకోండి. అడుగు ట్రే విప్పే రకమైతే, అందులోని అయస్కాంతాలకు అంటిన పొడిని కూడా చూపించమనండి. మెత్తని బురదలాంటి పొడి మామూలే. పెచ్చులు, ముక్కలు కనిపిస్తే లోపల జబ్బు ఉందన్నమాట.

ఎన్నాళ్ళకు మార్చాలన్నది మరో ప్రశ్న. కొన్ని కార్ల పుస్తకాలు జీవితకాలం మార్చనక్కరలేదంటాయి. ఆ మాట నమ్మి కూర్చోకండి. గేర్ బాక్సులు తయారుచేసే జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ తన ఆటోమేటిక్ బాక్సులకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమని చెబుతుంది. పుస్తకంలో 'కఠిన వాడకం' అన్న వరుస కూడా చదవండి. ఎండ, దుమ్ము, బరువు, కొండదారి అన్నీ అందులోకే వస్తాయి. వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరుమల ఘాట్ రోడ్డు నెమ్మదిగా ఎక్కే కారులో ఆయిల్ ఎంత కాగుతుందో ఆలోచించండి.

దించిన పాత ఆయిల్ ఏం చేయాలి? కాలువలో, మోరీలో, చెట్టు మొదట్లో పోయకండి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ దగ్గర ఒక చెరువులో ఒక చెంచా నూనె పోస్తే అది అర ఎకరం మేర పరుచుకుందని 1774లో అచ్చయిన వ్యాసంలో రాశాడు. మీ డబ్బాలో ఉన్నది 4 లీటర్లు. తుంగభద్ర ఎగువ కాలువ మన జిల్లా దాటి అనంతపురం వైపు పోతుంది. ఆ నీరు తాగేది మన బంధువులే. వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమని 2016 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నాయి. మూత బిగించిన డబ్బాలో పట్టి, పాత ఆయిల్‌ను అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకు పంపే సర్వీసు సెంటరుకు ఇవ్వండి. ఇచ్చే చోటు దొరకనివారు ఇంట్లో దించకపోవడమే మేలు.

ఇంతవరకు విని 'మాకు కారే లేదు కదా' అనుకునేవారికి ఒక మాట. 1984లో కైనెటిక్ హోండా వచ్చినప్పటినుంచి గేర్లు లేని స్కూటర్ మన ఇళ్ళలోకి వచ్చింది. ఎందరో అక్కచెల్లెళ్ళు దానిమీదే ఉద్యోగాలకు వెళ్ళివస్తున్నారు. అదీ ఆటోమేటిక్ బండే. అందులో రబ్బరు బెల్టు పొడిగా తిరుగుతుంది. వెనక చక్రం దగ్గర చిన్న పెట్టెలో మాత్రం గేర్ ఆయిల్ ఉంటుంది. యాక్టివాలో అది 120 మిల్లీలీటర్లు, ఒక టీ గ్లాసెడు. ఇంజను ఆయిల్ మార్పించి దీన్ని మరచిపోయేవారు ఎందరో. స్కూటర్ కిందికి దూరనక్కరలేదు, ప్రాణభయం లేదు. ఈ పని నేర్చుకోవాలనే పిల్లలు అక్కడ మొదలుపెట్టవచ్చు. పుస్తకం తెరిచి పేరు చూడమనండి, దిగినదాన్ని కొలవమనండి, కొత్త వాషర్ వేయమనండి, తేదీ, కిలోమీటర్లు నోటు పుస్తకంలో రాయమనండి. ఈ అలవాటు ఉన్నవాడు రేపు కారు కొన్నా, సొంతంగా చేసుకున్నా, షాపుకు ఇచ్చినా మోసపోడు.

ఈ ఆదివారం మీ బండి పుస్తకం బయటికి తీయండి. గేర్ ఆయిల్ పేరు, కొలత, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో ఒక చీటీ మీద రాసి, బండి కాగితాలతో పాటు పెట్టుకోండి. చేసేది ఎవరన్నది ఆ చీటీ చూశాక నిర్ణయించుకోవచ్చు.